లైను చివర ఒక ఖాళీ

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. జరిగినదాంట్లో సగం దానివల్లే జరిగింది. ఆఫీసులో నన్ను ఎదురుగా ‘అక్కా’ అంటారు, వెనకాల ‘చిర్రుబుర్రు’ అంటారు. రెండూ నాకు వినిపిస్తాయి. తప్పులు పట్టే ఉద్యోగంలో ఉన్నదానికి చెవులు కూడా పదునుగానే ఉంటాయి మరి.

మాది మందుల డబ్బాల్లో మడతపెట్టి ఉంచే కాగితాలు అచ్చువేసే ప్రెస్సు. రోజుకు ఎన్ని మాత్రలు వేసుకోవాలి, ఎవరు వేసుకోకూడదు, వేసుకుంటే ఏమవుతుంది, ఇవన్నీ చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే కాగితం. దాన్ని ఎవరూ చదవరని లోకం అనుకుంటుంది. మేం చదువుతాం. పంతొమ్మిదేళ్ళుగా ఒకే బల్ల దగ్గర, పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, నేనూ టకటకన్నయ్యా చదివాం.

అన్నయ్య అంటే తోడబుట్టినవాడు కాదు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. నేను చేరిన మొదటి రోజు, ‘చెల్లెమ్మా, ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, నువ్వు ఇందులో కూర్చో’ అని తన కుర్చీ నాకిచ్చాడు. పొట్టికాలి కింద అట్టముక్క మడిచి పెట్టుకుని తను అందులో కూర్చున్నాడు. ఇప్పటికీ అందులోనే కూర్చుంటాడు. తోడబుట్టినవాళ్ళు అంతకంటే ఏం చేస్తారో నాకు తెలియదు. నా తోడబుట్టినవాడైతే ఆ పొట్టికాలి కుర్చీ నాకిచ్చి నవ్వేవాడు.

ఇక టకటక సంగతి. మా పనిలో ఒకరు అసలు ప్రతి పట్టుకుని పైకి చదవాలి. అక్షరం, అంకె, కామా, ఫుల్ స్టాప్, ఏదీ మింగకుండా. రెండోవాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని సరిచూస్తూ, తేడా ఉంటే దిద్దుతూ పోవాలి. వెనకటి మెషిన్‌కి ఒక జబ్బు ఉండేది. లైను చివర ఖాళీ కొట్టకపోతే ఆ లైనులో చివరి మాటనీ కింది లైనులో మొదటి మాటనీ కలిపి అతికించేసేది. ఒకసారి పై లైను చివర ఉన్న రెండూ, కింది లైను మొదట్లో ఉన్న ఐదూ అతుక్కుని ఇరవై ఐదు చుక్కలయ్యాయి. పసిపిల్లలకి వేసే మందు అది. అచ్చుకి వెళ్ళబోయే ముందు అన్నయ్య పట్టాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు ఆయన అన్నం తినలేదు. మర్నాటి నుంచి మా ఇద్దరికీ ఒక పద్ధతి పెట్టాడు. లైను అయిపోగానే చదివేవాళ్ళు వేలితో బల్ల మీద తట్టాలి. టక్. అది వినగానే కంప్యూటర్ ముందున్నవాళ్ళు బొటనవేలితో స్పేస్ కొట్టాలి. పూటకొకరం మార్చుకుంటాం కాబట్టి తట్టడమూ కొట్టడమూ ఇద్దరికీ వచ్చు.

ఆ మెషిన్ పాత సామాన్లోకి పోయి పదేళ్ళయింది. టక్ మాత్రం పోలేదు. బల్ల మీద ఆయన తట్టే చోట రంగు పోయి బొత్తామంత మచ్చ పడింది.

ఆరు వారాల కిందట నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. ఇకమీదట తప్పులు మెషినే పడుతుందట. ఎలా పట్టాలో మెషిన్‌కి చెప్పేవాళ్ళు మాత్రం కావాలట. అందుకని మా గదిలోవాళ్ళందరికీ మూడు వారాలు జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాష నేర్పిస్తారు. చివర పరీక్ష పెడతారు. పది లెక్కలకి ఎనిమిది సరిగ్గా వస్తే ఇక్కడే ఉంటారు. రాకపోతే ప్యాకింగ్‌కి వెళ్ళాలి. ప్యాకింగ్ అంటే ఊరి అవతలి చివరన వేరే షెడ్డు. బెల్టు మీద డబ్బాలు వస్తుంటే ఎనిమిది గంటలు నిలబడి అట్టపెట్టెల్లో సర్దాలి. అక్కడ కుర్చీ అనే వస్తువే లేదు.

నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. అన్నయ్యకి రెండేళ్ళ కిందట కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. అరగంట నిలబడితే అది వాచిపోతుంది. రిటైర్ కావడానికి ఇంకా నాలుగేళ్ళుంది. కాగితం చదివి ఆయన, ‘‘నాలుగో లైనులో కామా ఎక్కువైంది’’ అన్నాడు. ఆయన లేకుండా ఆ బల్ల దగ్గర కూర్చోవడం నాకు చేతకాదు. ఇద్దరం నెగ్గాలి, అంతే.

నేర్పడానికి వచ్చిన ట్రైనింగ్ మేడమ్‌కి పాతికేళ్ళుంటాయేమో. మెల్లగా మాట్లాడుతుంది, నవ్వు ముందూ మాట వెనకా. మొదటి రోజు స్ట్రింగ్ అంటే ఏమిటో చెప్పింది. కోట్స్ మధ్యలో పెట్టిన అక్షరాల వరసే స్ట్రింగ్. దాన్ని కోయొచ్చు, అతికించొచ్చు, తిరగేయొచ్చు, చిన్నక్షరాలని పెద్దవి చేయొచ్చు. కానీ ఏం చేసినా పాతది మారదు. కొత్తది పుడుతుంది. ఆ కొత్తదాన్ని పట్టుకుని ఒక పేరు కింద దాచుకోవాలి, లేకపోతే చేసిందంతా గాలికి పోతుంది.

‘‘అచ్చం మా ఆయనే’’ అన్నాను నేను. ‘‘ఎంత చెప్పినా మనిషి మారడు.’’

‘‘నువ్వు చెప్పింది ఆయన దాచుకోవాలిగా చెల్లెమ్మా’’ అన్నాడు అన్నయ్య. గది గదంతా నవ్వింది. ఆ మూడు వారాల్లో మేం నవ్వింది ఆ ఒక్కసారే అనుకుంటా.

రెండో వారానికి ఏడు రకాల లెక్కలు మాకు కొట్టినపిండి అయ్యాయి. పొడవు కొలవడం, మొదటి అక్షరం తీయడం, తిరగేయడం, ఎన్ని అచ్చులున్నాయో లెక్కపెట్టడం, ఇవన్నీ వచ్చేశాయి. మిగిలిన మూడు రకాలే కొరకరాని కొయ్యలయ్యాయి. ఆ మూడిట్లోనూ ఒక వాక్యం తయారుచేయాలి. ఒక మనిషి పేరు ఇంగ్లీషులో ఇస్తారు, అన్నీ చిన్నక్షరాలు, ముందూ వెనకా పనికిరాని ఖాళీలు. ఆ ఖాళీలు కత్తిరించి, మొదటి అక్షరం పెద్దది చేసి, దానికి ‘గారికి స్వాగతం’ లాంటిది తగిలించి చూపించాలి. ఇంతే. బడిపిల్లలు చేసే లెక్క.

చేశాం. మెషిన్ ఎర్రగా చూపించింది. కింద రెండు లైన్లు ఇచ్చింది. ‘కావలసింది’ అని ఒకటి, ‘వచ్చింది’ అని ఒకటి. రెండూ ఒకటే! కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను, ఒకటే. అప్పుడు మాకు తెలిసిన పద్ధతిలోనే వెళ్ళాం. అన్నయ్య మొదటి లైను పైకి చదివాడు, అక్షరం అక్షరం, కామాతో సహా. నేను రెండో లైను మీద వేలు పెట్టి నడిపించాను. నాలుగుసార్లు చేశాం. అక్షరం తేడా లేదు. అయినా తప్పేనట.

‘‘ఉన్నది ఉన్నట్టే రాస్తే తప్పంటుందేంటి ఇది?’’ అన్నాను.

‘‘మళ్ళీ మొదట్నుంచి కొడదాం చెల్లెమ్మా. నేను చదువుతా, నువ్వు కొట్టు’’ అన్నాడాయన.

ఆయన చదివాడు. వాక్యం చివర బల్ల తట్టాడు. నేను కొట్టాను, కోట్ మూసేశాను. ఎరుపు. మళ్ళీ చదివాడు, మళ్ళీ తట్టాడు, మళ్ళీ ఎరుపు. మధ్యాహ్నానికి తలప్రాణం తోకకొచ్చింది. తప్పులు పట్టి బతికే ఇద్దరం మనుషులం ఒక లైనులో తప్పెక్కడుందో చూడలేక, నోళ్ళు వెళ్ళబెట్టుకుని కూర్చున్నాం. అంత చేతగానితనం నా జన్మలో ఎరగను.

సరిగ్గా అప్పుడే ట్రైనింగ్ మేడమ్ మా వెనక్కి వచ్చి నిలబడింది. కాసేపు చూసింది. ఆపైన నవ్వుతూ తెర వైపు చెయ్యి చాపి, ‘‘మేడమ్, లైను చివరిదాకా సరిగ్గా చూడండి...’’ అంది.

చెప్పాను కదా, నాకు కోపం ఎక్కువ.

‘‘సరిగ్గా చూడ్డం మాకు నేర్పిస్తావా? నువ్వు పలక పట్టక ముందునుంచీ మేం చేస్తున్నది అదేనమ్మా. చూడ్డం మాకొచ్చు. నీ మెషిన్‌కి రాదు. వెళ్ళి దానికి నేర్పించు’’ అన్నాను.

గదిలో అందరూ తలలెత్తారు. ఆ పిల్ల చాపిన చెయ్యి అలాగే వెనక్కి తీసుకుంది. ‘‘సారీ మేడమ్’’ అని వెళ్ళిపోయింది. ఆ తరవాత మా బల్ల దగ్గరికి మళ్ళీ రాలేదు.

‘‘ఎందుకమ్మా ఆ పిల్ల మీద అంతలా? ఏదో చెప్పబోయింది పాపం’’ అన్నాడు అన్నయ్య.

‘‘ఏం చెప్తుంది? కళ్ళు తెరిచి చూడమంటుంది. మనం మూసుకుని కూర్చున్నాం మరి’’ అన్నాను. ఆయన ఊరుకున్నాడు. నా కోపం దిగేదాకా ఊరుకోవడం పంతొమ్మిదేళ్ళుగా ఆయనకి అలవాటు.

విచిత్రం ఏమిటంటే ఆదివారం ఇంట్లో మా ఆయన పాత లాప్‌టాప్ మీద కూర్చుని అవే మూడు లెక్కలు చేస్తే మూడూ పచ్చగా వచ్చాయి. మొదటిసారికే. నమ్మలేక మళ్ళీ చేశాను. మళ్ళీ పచ్చగానే వచ్చాయి.

‘‘ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటే ఇదే’’ అన్నాడు మా ఆయన కూరగాయలు తరుగుతూ. ‘‘ఆఫీసులో కూడా కాస్త శాంతంగా కూర్చుంటే అక్కడి కంప్యూటరూ వింటుందేమో.’’

సంతోషంలో ఉన్నాను. అన్నయ్యకి ఫోన్ చేశాను. ఆయన ఇంట్లో కంప్యూటర్ లేదు. ‘‘చూశావా, మన తెలివిలో లోపం లేదు, ఆఫీసు కంప్యూటర్‌లోనే ఏదో ఉంది’’ అన్నాడు. ఆ మాటతో ఇద్దరం నిశ్చింతగా పడుకున్నాం.

సోమవారం ఆయన చదివాడు, నేను కొట్టాను, ఎరుపు. ఇంక అనుమానమే లేదు. కంప్యూటర్లు బాగుచేసే విభాగానికి ఫిర్యాదు రాశాం. అన్నయ్య చెప్పాడు, నేను రాశాను, ఒక్క తప్పు లేకుండా. వాళ్ళొచ్చి అటూ ఇటూ తిప్పి చూసి, కీబోర్డు మార్చి వెళ్ళారు. కొత్త కీబోర్డు మీద మరింత హాయిగా తప్పులొచ్చాయి.

ఒక్కరోజు, ఒక్క పూట, ఆయన చదవకుండా నేను ఒంటరిగా ఆ బల్ల దగ్గర చేసి ఉంటే తెలిసిపోయేది. చేయలేదు. అలా చేయాలన్న ఊహే రాలేదు. తప్పో ఒప్పో, మేమిద్దరం కలిసే చేశాం అన్నీ.

పరీక్ష శుక్రవారం పొద్దున పది గంటలకి, పైఅంతస్తు హాల్లో. గంట టైము. ఎవరి కంప్యూటర్ వాళ్ళది. అన్నయ్యని నాకు ముందు వరసలో కూర్చోబెట్టారు, కొంచెం కుడివైపుకి. ఆయన వీపూ, తెరలో సగమూ నాకు కనిపిస్తున్నాయి. ట్రైనింగ్ మేడమే కాపలా. నియమాలు చదివి వినిపించింది. ఒకరితో ఒకరు మాట్లాడినా, సైగ చేసినా ఇద్దరి పరీక్షా రద్దు. ముందు వారం ఇలాంటి పరీక్షలోనే జమాఖర్చుల విభాగంలో ఇద్దరు అలాగే పోయారు. ఒకావిడ పక్కావిడకి రెండు వేళ్ళు చూపించిందట. ఇద్దరూ ఇప్పుడు ప్యాకింగ్‌లో ఉన్నారు.

ఏడు లెక్కలు ఇరవై నిమిషాల్లో ముగించాను. ఏడూ పచ్చగా వచ్చాయి. ఎనిమిదోది వాక్యం. ఇంట్లో చేసినట్టే చేశాను. ఎరుపు. తొమ్మిదోది ఎరుపు. పదోది ఎరుపు. ఇది మా గది కంప్యూటర్ కాదు, కీబోర్డు వేరు, హాలు వేరు. మరి ఇక్కడేం మాయరోగం? మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ ఎరుపు. ముందు కుర్చీలో అన్నయ్య పెదవుల్లోనే చదువుకుంటున్న గొణుగుడు వినిపిస్తోంది, ప్రతి వాక్యం చివరా బల్ల మీద తట్టుడు, మా ఇద్దరి వేగమూ ఎప్పుడూ ఒకటే. ఆ చప్పుడు నాకు అడ్డం కాలేదు. పంతొమ్మిదేళ్ళుగా వింటున్నదే, లేకపోతేనే తోచదు.

పద్దెనిమిది నిమిషాలు ఉందనగా నేను ఎనిమిదో లెక్కలో వాక్యం చివరి అక్షరం కొట్టి, కోట్ మూయకుండా ఆగాను. అసలు ఏం చేస్తున్నానో చూసుకుందామని. వేళ్ళు మీటల మీదే ఉన్నాయి, నేను ఏదీ నొక్కడం లేదు.

ముందు కుర్చీలోంచి టక్ అని వినిపించింది.

నా బొటనవేలు కదిలింది. తెర మీద కర్సర్ ఒక్క అడుగు పక్కకి జరిగింది. అక్షరమేమీ పడలేదు. ఖాళీ పడింది.

అలాగే చూస్తూ ఉండిపోయాను. వాళ్ళిచ్చిన పేరుకి ముందూ వెనకా ఉన్న ఖాళీలన్నీ జాగ్రత్తగా కత్తిరించి, మా వాక్యం చివర మేమే ఒక ఖాళీ పెడుతున్నాం. కంటికి కనిపించని అక్షరం. మెషిన్ దాన్నీ లెక్కపెడుతోంది. ఇంట్లో తట్టేవాళ్ళు లేరు కాబట్టి పచ్చగా వచ్చింది. ఇంతే. ఇన్నాళ్ళూ మమ్మల్ని ఏడిపించింది ఇంతే.

ఆ ఖాళీ చెరిపాను. పచ్చ. తొమ్మిది, పది కూడా చెరిపాను. పచ్చ, పచ్చ. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. గెలిచాను. గెలిచినట్టు ఒక్క క్షణం కూడా అనిపించలేదు, ఎందుకంటే అన్నయ్య తెర మీద ఎరుపు కనిపిస్తోంది. ఆయన చదువుకుంటున్నాడు, తనే తట్టుకుంటున్నాడు, తన బొటనవేలే కొడుతోంది. ఆయనకి ఒక్కటి చాలు. ఏడు ఉన్నాయి, ఇంకొక్కటి పచ్చగా వస్తే ఎనిమిది. ఒక్క ఖాళీ చెరిపితే చాలు. పదిహేను నిమిషాలుంది.

నోరు తెరిస్తే ఇద్దరం పోతాం. తెరవకపోతే ఆయన పోతాడు. దగ్గాను. కుర్చీ కిర్రుమనేలా జరిగాను. ఆయన తిరగలేదు. చదువుతున్నప్పుడు పిడుగు పడినా తలెత్తని మనిషి. మేడమ్ మాత్రం నా వైపు చూసింది.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. మంచి ఉపాయం అనుకున్నాను. ఆయన తట్టడం మానేస్తే బొటనవేలు కొట్టడం మానేస్తుంది. నేను ఆయనతో మాట్లాడకూడదు గానీ మేడమ్‌తో మాట్లాడొచ్చు కదా. చెయ్యెత్తాను. ఆ పిల్ల వచ్చింది.

‘‘ముందాయన బల్ల తడుతున్నారు. నాకు ఇబ్బందిగా ఉంది. ఆపమని చెప్పండి’’ అన్నాను, ఆయనకి వినిపించేంత గట్టిగానే.

అన్నయ్య వెనక్కి తిరిగాడు. పిడుగుకి తిరగనివాడు నా మాటకి తిరిగాడు. పంతొమ్మిదేళ్ళలో ఆ చప్పుడు గురించి నేను ఒక్కసారైనా విసుక్కోలేదు. నా కళ్ళతో ఏదైనా చెబుదామనుకున్నాను, మేడమ్ మా ఇద్దరి మధ్యలో నిలబడి ఉంది. ఆవిడ మెల్లగా ఆయనతో ఏదో చెప్పింది. ఆయన తలూపాడు.

తట్టడం ఆగిపోయింది. ఇక ఇప్పుడు కొడతాడు, సరిగ్గా వస్తుంది అని ఎదురుచూశాను. ఆయన కొట్టలేదు. రెండు చేతులూ కీబోర్డు మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తెర వైపు చూస్తూ అలాగే కూర్చున్నాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ‘కొట్టు అన్నయ్యా, ఒక్కసారి కొట్టు’ అని లోపల మొరపెట్టుకుంటున్నాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా తెలివి. పన్నెండు నిమిషాలు నేను ఆయన వీపు చూస్తూ కూర్చున్నాను. నేను చేయగలిగింది ఏమీ లేదు. గంట మోగింది.

అందరూ బయటికి వెళ్ళాక మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. ‘‘అమ్మా, ఒక్క ఖాళీ, అంతే. ఆయనకన్నీ వచ్చు. ఐదు నిమిషాలివ్వండి, నా ఎదురుగా వద్దు, మీరే కూర్చోబెట్టి చూడండి’’ అన్నాను. నేను ఒకరిని బతిమాలడం ఆ ఆఫీసులో ఎవరూ చూసి ఉండరు.

ఆ పిల్ల కళ్ళు దించుకుంది. ‘‘మార్కులు మెషినే వేస్తుందండీ. పైకి వెళ్ళిపోయాయి. నా చేతుల్లో ఏం లేదు’’ అంది. మళ్ళీ తనే, ‘‘ఆ రోజు అదే చూపిద్దామని వచ్చానండీ. మీరు వద్దన్నారు’’ అంది.

అందులో దెప్పిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, తిరిగి ఒక మాట అనేదాన్ని. ఆ రోజు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్న ఆ పిల్లని ఒకసారి చూసి, మా గదికి నడిచాను.

అన్నయ్య మా గదిలో, తన పొట్టికాలి కుర్చీలో కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నాడు. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. టక్, స్పేస్, ఖాళీ, మేడమ్, నా నోరు, ఏదీ దాచలేదు. ఆయన తన వేలి వైపు చూసుకున్నాడు.

‘‘అంటే నా తట్టుడేనా?’’ అన్నాడు.

‘‘మనిద్దరిదీ అన్నయ్యా.’’

‘‘నీకు అడ్డమొస్తోందేమో అనుకున్నా చెల్లెమ్మా. నువ్వెప్పుడూ అలా అనవు కదా. పాపం లెక్క తెగక ప్రాణం మీదికి వచ్చి ఉంటుంది, నేను మళ్ళీ కొడితే చెయ్యి ఊరుకోదు, తడుతుంది అని చేతులు తీసేశా. నువ్వైనా గట్టెక్కాలని.’’

నేను ఏడ్చాను. ఆఫీసులో ఏడవడం అంటే నాకు పరమ అసహ్యం. అయినా ఏడ్చాను.

‘‘నాతో నోరు తెరవకుండా మంచి పని చేశావు’’ అన్నాడాయన. ‘‘తెరిచి ఉంటే ఇద్దరం పోయేవాళ్ళం. నీకు కోపం ఎక్కువ గానీ బుద్ధి తక్కువ కాదు.’’ ఆయన నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

బదిలీ కాగితం సోమవారం మధ్యాహ్నం వచ్చింది. సగం పేజీ. అన్నయ్య కవరు చింపి, కాగితం తీసి, కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

‘‘దీని ప్రతి ఆఫీసు ఫైలులో ఉంటుంది కదా, నీ తెర మీద తెరువు’’ అన్నాడు. ‘‘సరిచూద్దాం. ఇలాంటివి తప్పుల్తడకగా రాస్తారు. తప్పుంటే వెనక్కి పంపిస్తాం. కొత్తది రావడానికి నెల పడుతుంది.’’

నాకు ప్రాణం లేచొచ్చింది. ఉంటుంది, ఏదో ఒకటి ఉండే ఉంటుంది. నోటీసులోనే కామా ఎక్కువ పెట్టిన మనుషులు వీళ్ళు. తెర మీద ఆ కాగితం తెరిచి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఆయన గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. తన పేరు, అక్షరం అక్షరం. కామా. ఉద్యోగి సంఖ్య, అంకె అంకె. ఫుల్ స్టాప్. లైను చివర, బొత్తామంత మచ్చ మీద, టక్. నా బొటనవేలు కదిలింది. ఆ ఖాళీ చెరిపి కింది లైనుకి వెళ్ళాను. చేరవలసిన చోటు. కామా. చేరవలసిన తేదీ. టక్.

పదకొండు లైన్లు. ఆయన ఎప్పటికంటే నెమ్మదిగా చదివాడు, నేను ఎప్పటికంటే నెమ్మదిగా చూశాను. ఒక్క కామా అయినా తప్పాలని, ఒక్క అంకె అయినా జారాలని, జీవితంలో మొదటిసారి తప్పు కోసం దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ చూశాను. చివరి లైను చదివి ఆయన తట్టాడు. తెర మీదనుంచి నేను తల తిప్పలేదు.

‘‘ఏమైనా ఉందా చెల్లెమ్మా?’’ అన్నాడు.

మళ్ళీ మొదటి లైనుకి వెళ్ళి, చివరిదాకా చూశాను.

‘‘లేదన్నయ్యా’’ అన్నాను.